జ్వరం తగ్గాక మైదానానికి: మణికట్టు మీది పరికరం మాట ఎంతవరకు వినాలి?

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. జబ్బుపడి లేచిన క్రీడాకారులు మళ్ళీ సాధన మొదలుపెట్టే వేళ స్మార్ట్ వాచ్, ఉంగరం, ఛాతీ పట్టీ వంటి పరికరాలు చూపే అంకెలను ఎంతవరకు నమ్మవచ్చునన్నదే అందరి సందేహం. క్రీడా వైద్యుడిగా నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించాను. రాసినవారి పేర్లు, ఊర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నేను 1500 మీటర్ల పరుగు క్రీడాకారిణిని. వయసు 24. ఇన్‌ఫ్లుయెంజాతో ఎనిమిది రోజులు మంచం పట్టాను. మామూలు రోజుల్లో నిద్రలో నా గుండె వేగం నిమిషానికి 50 దాకా ఉండేది. జ్వరంలో 66 వరకు వెళ్ళింది. జ్వరం పోయి పది రోజులైనా వాచ్ ఇంకా 56, 57 చూపిస్తోంది. ఒంట్లో మాత్రం బాగానే ఉంది. పరుగు మొదలుపెట్టవచ్చా, లేక ఆ అంకె పాత స్థాయికి దిగేదాకా ఆగాలా?

జవాబు: ఛాతీనొప్పి, గుండెదడ, కూర్చున్నా ఆయాసం వంటివి లేకపోతే మీరు మొదలుపెట్టవచ్చు. అయితే ఆపిన చోటి నుంచి మొదలుపెట్టకూడదు. ఎందుకో తెలియాలంటే ఆ 56 వెనుక ఏముందో చూడాలి.

జ్వరంలో ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె వేగం నిమిషానికి సుమారు 10 స్పందనలు పెరుగుతుంది. మీకు 66 రావడానికి ప్రధాన కారణం అదే. వేడి దిగాక కూడా వేగం పూర్తిగా దిగకపోవడానికి కారణాలు వేరు. మంచం మీద ఉన్న మొదటి కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, తగ్గిపోతుంది. అప్పుడు గుండె ఒక్కో స్పందనతో పంపగలిగే రక్తం తగ్గుతుంది కాబట్టి అంతే పనికి అది ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. దానికి తోడు రోగనిరోధక వ్యవస్థ రేపిన వాపు సద్దుమణగడానికి జ్వరం కన్నా ఎక్కువ రోజులు పడుతుంది. అంతవరకు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టు కొంత సడలి ఉంటుంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాల పాటు మంచం మీదే ఉంచి పరీక్షించారు. వారి శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్ పావు వంతుకు పైగా పడిపోయింది. వాళ్ళకు ఏ జబ్బూ లేదు, పడుకుని ఉన్నారు, అంతే. ఎనిమిది రోజుల పడకకు తోడు జ్వరం కూడా ఉన్న మీ గుండె 50 దగ్గరే ఉంటే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

మరొక అధ్యయనం మీకు నేరుగా వర్తిస్తుంది. కోవిడ్ సోకినవారి వాచ్‌ల నుంచి సేకరించిన వివరాలతో అమెరికాలో చేసిన ఆ అధ్యయనం 2021లో వెలువడింది. లక్షణాలు మొదలైన రోజు నుంచి లెక్కపెడితే నిద్ర సగటున 24 రోజులకు, రోజువారీ అడుగుల సంఖ్య 32 రోజులకు మామూలు స్థాయికి వచ్చాయి. విశ్రాంతి గుండె వేగం మాత్రం 79 రోజులకు గాని రాలేదు. మీది కోవిడ్ కాదు కాబట్టి ఆ రోజుల లెక్కను మీకు అంటగట్టడం లేదు. మనిషికి బాగానే ఉందనిపించి, నిద్రా నడకా కుదుటపడిన తర్వాత కూడా గుండె ఇంకా తన పని తాను చక్కబెట్టుకుంటూ ఉండవచ్చునన్నది అందులో మనం గ్రహించవలసిన సంగతి.

అందువల్ల అంకె ఎంత ఉందన్న దానికన్నా ఎటు నడుస్తోందన్నది చూడమంటాను. వారం రోజుల సగటు 57 నుంచి 56కు, అక్కడి నుంచి 55కు దిగుతోందంటే తేలికపాటి జాగింగ్ చేస్తూనే మిగతా దూరం కోలుకోవచ్చు. అదే సగటు 57 దగ్గర మొరాయించినా, తేలికగా పరుగెత్తిన మర్నాడు 5 స్పందనలకు పైగా ఎగబాకి రెండో రోజుకూ దిగకపోయినా ఒక మెట్టు వెనక్కి రండి. ఈ 5 అన్నది నా అనుభవంలో పనికొచ్చిన కొలత, శాసనం కాదు. జబ్బుకు ముందు మూడు నాలుగు వారాల అంకెలు మీ వాచ్‌లో ఎలాగూ ఉంటాయి. మామూలు రోజుల్లో మీ అంకె ఎంత ఊగుతుందో ఒకసారి వెనక్కి వెళ్ళి చూస్తే మీ కొలత మీకే తెలుస్తుంది. స్నేహితురాలి అంకెతో పోల్చుకోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

గుండె స్పందనల మధ్య విరామాల హెచ్చుతగ్గులను, అంటే హెచ్.ఆర్.వి.ని, కూడా మీ వాచ్ మిల్లీసెకన్లలో చూపిస్తూ ఉంటుంది. వేగస్ నాడి పట్టు బిగిస్తే ఈ అంకె పెరుగుతుంది, జబ్బులో పడిపోతుంది. ఇది గుండె వేగం కన్నా చాలా చంచలమైనది. ఒక్క రాత్రి సరిగా నిద్రపోకపోయినా తలకిందులవుతుంది కాబట్టి ఏడు రోజుల సగటుగా తప్ప దీన్ని చదవవద్దు. శ్వాస వేగం మాత్రం నిలకడగల అంకె. నిద్రలో నిమిషానికి 14 సార్లు ఊపిరి తీసేవారికి అది 17, 18కి చేరి అక్కడే ఉందంటే నేను దాన్ని తేలికగా తీసుకోను.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. గుండె వేగం తక్కువగా కనిపించడం ప్రతి జబ్బులోనూ శుభసూచకం కాదు. టైఫాయిడ్‌లో జ్వరానికి తగినంతగా నాడి పెరగకపోవడం వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన లక్షణం. డెంగీ నుంచి కోలుకునే దశలో కూడా నాడి బాగా నెమ్మదించడం సాధారణం. అలాంటి జబ్బుల తర్వాత వాచ్‌లోని తక్కువ అంకెను చూసి, మునుపటికన్నా బాగున్నానని పొరబడేవారు ఉన్నారు. ముక్కుదిబ్బడకు వేసుకునే సూడోఎఫెడ్రిన్, ఆస్తమాకు పీల్చే సాల్బ్యుటమాల్ అంకెను పైకి నెడతాయి. రక్తపోటుకు, గుండె జబ్బులకు వాడే బీటా బ్లాకర్లు కిందికి లాగుతాయి. ఏ మందు వాడుతున్నారో అంకె పక్కన రాసుకోకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు.

ప్రశ్న: నేను ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌ను. ఒకే వారంలో ఆరుగురు ఆటగాళ్ళు వైరల్ జ్వరంతో పడిపోయారు. ఇప్పుడు అందరికీ జ్వరం తగ్గింది. గుండె వేగాన్ని హద్దుగా పెట్టుకుని మెట్టు మెట్టుగా వాళ్ళను ఆటలోకి తేవాలనుకుంటున్నాను. అందరికీ వాచ్‌లున్నాయి. ఏ అంకెలు పెట్టుకోవాలి?

జవాబు: మీ ఆలోచన సరైనదే. మొదట ఎవరు మొదటి మెట్టు ఎక్కవచ్చో తేల్చాలి. క్రీడా వైద్యులు చాలాకాలంగా పాటించే పద్ధతి ఒకటుంది. లక్షణాలు మెడకు పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిపాటి గొంతునొప్పి మాత్రమే ఉంటే, తేలికపాటి కదలికను అనుమతించవచ్చు. మెడకు కింద ఉంటే, అంటే ఛాతీ దగ్గు, ఒళ్ళునొప్పులు, విరేచనాలు ఉంటే, లేదా జ్వరం ఉంటే, ఆపాలి. ఈ వడపోత పరికరం చేయలేదు. ఆటగాణ్ణి ఎదుట కూర్చోబెట్టుకుని మీరే అడగాలి.

మెట్ల విషయానికి వస్తే, కోవిడ్ తర్వాత ఆటలోకి తిరిగి రావడానికి బ్రిటన్ క్రీడా వైద్యులు 2020లో ప్రచురించిన క్రమం నమూనాగా పనికొస్తుంది. మొదట గరిష్ఠ గుండె వేగంలో 70 శాతం దాటకుండా 15 నిమిషాలు, తర్వాత 80 శాతం దాటకుండా 30 నిమిషాలు, ఆపైన అదే హద్దులో 45 నిమిషాలు, 60 నిమిషాలు, ఆ తర్వాతే పూర్తి సాధన, చివరగా పోటీ. మొదటి మెట్టుకు ముందు ఎన్ని రోజులు ఆగాలన్న లెక్కలు తర్వాతి సంవత్సరాలలో సడలాయి. స్వల్ప జబ్బు తర్వాత అన్ని రోజులు ఆగనవసరం లేదని తేలింది. మెట్ల మధ్య తేడా మాత్రం నేటికీ సబబుగానే ఉంది. ముందు నిమిషాలు పెంచి, తీవ్రతను ఆఖరున పెంచడమే అందులోని కీలకం. కోచ్‌లు సాధారణంగా దీనికి విరుద్ధంగా చేస్తారు. ఆటగాడు అలసిపోయి ఉన్నాడని సమయం తగ్గించి, ఆ కాస్త సమయంలోనే పూర్తి వేగంతో స్ప్రింట్లు పెడతారు.

గరిష్ఠ గుండె వేగాన్ని 220లోంచి వయసు తీసేసి లెక్కించకండి. ఆ సూత్రం ఒక్కో మనిషి విషయంలో 10, 12 స్పందనలు అటూ ఇటూ తప్పడం మామూలే. 70 శాతం హద్దు పెట్టుకున్నప్పుడు ఆ తప్పు చిన్నది కాదు. జబ్బుకు ముందు కఠినమైన సాధనలో, పోటీలో ఒక్కో ఆటగాడికి నమోదైన అత్యధిక వేగం ఎంతో చూసి దాన్నే ఆధారంగా తీసుకోండి.

మణికట్టు వాచ్‌ల గురించి ఒక సంగతి చెప్పాలి. వాటి అడుగున ఉండే ఆకుపచ్చ వెలుగు చర్మంలోకి పోతుంది, రక్తం పొంగినప్పుడు అది ఎంత మేర పీల్చుకోబడిందో సెన్సర్ కొలిచి, దాన్ని బట్టి గుండె వేగం లెక్కిస్తుంది. నిద్రలో, కూర్చున్నప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. పరుగులో చేయి ఊగుతుంది, పట్టీ కదులుతుంది, చలిలో చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అప్పుడు సెన్సర్ గుండె లయను వదిలేసి అడుగుల లయను పట్టుకునే ప్రమాదం ఉంది. జబ్బుపడి లేచిన ఒక ఆటగాడు జాగింగ్ చేస్తూ వాచ్‌లో 168 చూసి కంగారుపడి నా దగ్గరికి వచ్చాడు. అతన్ని మళ్ళీ అదే వేగంతో పరుగెత్తించి, ఆగీ ఆగగానే మెడ పక్కన వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టాను. 33 వచ్చాయి, అంటే నిమిషానికి 132. తర్వాత అతని అడుగులు లెక్కపెడితే సరిగ్గా నిమిషానికి 168 దగ్గర తేలాయి. ఆ పొరపాటు దీనికి వ్యతిరేక దిశలో కూడా జరగవచ్చునని, అంటే నిజంగా ఎగసిన గుండె వేగాన్ని వాచ్ తక్కువగా చూపవచ్చునని గుర్తుంచుకోవాలి.

అందుకే మైదానంలో హద్దు పెట్టి చేసే సాధనకు ఛాతీ పట్టీ వాడమంటాను. అది వెలుగును కాక గుండె విద్యుత్ సంకేతాన్ని పట్టుకుంటుంది. పట్టీలో చర్మానికి ఆనే భాగాన్ని నీళ్ళతో తడిపి, ఛాతీ ఎముక కింది అంచు దగ్గర జారకుండా బిగించాలి. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేదాకా, అంటే మొదటి పది నిమిషాలు, పిచ్చి అంకెలు వస్తాయి. మీరు పెట్టుకున్న మొదటి మెట్టు పావుగంటే కాబట్టి ఆ పది నిమిషాలు పోగొట్టుకోలేరు. ఆరు పట్టీలు లేకపోతే ఒక్కటి సంపాదించి వంతులవారీగా వాడుకోండి.

పరికరం చెప్పినదాని పక్కన ఆటగాడు చెప్పినది కూడా రాయండి. సాధన ముగిసిన అరగంటకు, సున్నా నుంచి పది వరకు ఎంత కష్టమనిపించిందో ప్రతివాణ్ణీ విడిగా, తోటివారు వినకుండా అడగండి. ఆ అంకెను నిమిషాలతో గుణిస్తే ఆనాటి భారం వస్తుంది. 30 నిమిషాలు చేసి 3 అన్నవాడి భారం 90. అదే సాధనకు 6 అన్నవాడి భారం 180. ఇద్దరూ ఒకే దూరం తిరిగారని భుజాల మధ్య పెట్టుకునే జీపీఎస్ చెబుతుంది, ఇద్దరి గుండె వేగమూ హద్దులోనే ఉందని పట్టీ చెబుతుంది. రెండోవాడికి ఇంకా నయం కాలేదన్న సంగతి అతని నోటి మాటలోనే దొరుకుతుంది.

వారానికి రెండుసార్లు ఒక చిన్న పరీక్ష కూడా పెట్టుకోవచ్చు. ఒకే వేళకు, ఒకే నిదాన వేగంతో ఆరు నిమిషాల పరుగు, వెంటనే ఒక నిమిషం నిలబడటం. చివరి నిమిషంలో గుండె వేగం ఎంత, ఆగిన నిమిషానికి ఎంత దిగిందన్న రెండు అంకెలు చాలు. జబ్బుకు ముందు నాటి అంకెలు కూడా మీ దగ్గర ఉంటే ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. లేకపోతే ఆరోగ్యంగా ఉన్న మిగతా ఆటగాళ్ళకు ఈ వారమే ఆ పరీక్ష పెట్టి దాచుకోండి. తర్వాత జబ్బుపడేది వాళ్ళే కావచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్ళు, బాస్కెట్‌బాల్ ఆడతాడు. గ్రంథుల వాపు జ్వరం వచ్చిందని, ఇన్ఫెక్షస్ మోనోన్యూక్లియోసిస్ అని డాక్టర్ చెప్పారు. రెండు వారాలకే తేరుకున్నాడు. వాడి వాచ్ శరీర సంసిద్ధత నూటికి 91 అని చూపిస్తోంది. శనివారం మ్యాచ్ ఆడతానంటున్నాడు. పంపవచ్చా?

జవాబు: పంపవద్దు. ఈ జబ్బులో ప్లీహం, అంటే ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్, ఉబ్బి మెత్తబడుతుంది. ఆ స్థితిలో పొట్టకు మోచేయి తగిలినా, ఒక్కోసారి దెబ్బ ఏదీ తగలకపోయినా అది చిట్లవచ్చు. లోపల రక్తస్రావమైతే ప్రాణాపాయం. ఈ ప్రమాదం మొదటి మూడు వారాల్లో ఎక్కువ కాబట్టే దెబ్బలు తగిలే ఆటలకు కనీసం మూడు నాలుగు వారాలు దూరంగా ఉండాలని, ఆపైన కూడా డాక్టర్ చూసి సరేనన్నాకే దిగాలని చెబుతారు. వాచ్ ప్లీహాన్ని చూడలేదు. ఆ 91 అన్నది నిద్ర, గుండె వేగం, హెచ్.ఆర్.వి., ముందురోజుల కదలిక వంటి కొన్నింటిని తయారీదారు తన సొంత లెక్కతో కలిపి తీసిన మార్కు. అబ్బాయి బాగా నిద్రపోయి, రెండు వారాలుగా ఆడకుండా ఉన్నాడు కాబట్టి మార్కు ఎక్కువ రావడంలో వింత లేదు. ఎడమ పక్కటెముకల కింద గాని, ఎడమ భుజంలో గాని ఉన్నట్టుండి నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇదే సందర్భంలో మరో మాట. జబ్బుకు సిప్రోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినలోన్ యాంటీబయాటిక్స్ వాడిన క్రీడాకారుల్లో మడమ వెనుక ఉండే పెద్ద స్నాయుబంధం తెగే ముప్పు పెరుగుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందులపై తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రింపజేసింది. మందు ఆపిన తర్వాత కొన్ని నెలలకు కూడా అది తెగవచ్చు. మడమ వెనుక నొప్పి మొదలైతే వాచ్ ఏమంటున్నా దూకడం, స్ప్రింట్లు ఆపేయాలి.

ప్రశ్న: నేను సైక్లింగ్ చేస్తాను, వయసు 31. నెల క్రితం వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీ బరువుగా ఉంటోంది, అప్పుడప్పుడు గుండె తడబడినట్టు అనిపిస్తోంది. వాచ్‌లో ఈసీజీ తీస్తే మామూలుగా ఉందని వచ్చింది. ఆక్సిజన్ 97 శాతం. ఇక భయం లేనట్టేనా?

జవాబు: ఇది చదివిన రోజే సైకిల్ పక్కన పెట్టి గుండె వైద్యుణ్ణి కలవండి. వైరస్ గుండె కండరానికి వాపు తెచ్చి ఉండవచ్చునని, అంటే మయోకార్డైటిస్ అయి ఉండవచ్చునని అనుమానించడానికి మీరు రాసిన రెండు లక్షణాలూ చాలు. అది ఉండగా కఠినంగా శ్రమిస్తే ప్రమాదకరమైన లయలు పుట్టి గుండె ఆగిపోయే ముప్పు ఉంది.

వాచ్ ఈసీజీ గుండెను ఒకే కోణం నుంచి అరనిమిషం చూస్తుంది. కర్ణికల లయ తప్పడాన్ని, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను, పసిగట్టడానికి అది తయారైంది. ఆసుపత్రిలో తీసే ఈసీజీ పన్నెండు కోణాల నుంచి చూస్తుంది. దానికి తోడు గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కోసం పరీక్ష, ఎకో, అంటే గుండెకు అల్ట్రాసౌండ్ స్కాన్, చేస్తారు. అనుమానం మిగిలితే గుండెకు ఎమ్.ఆర్.ఐ. తీస్తారు. మీకు తడబాటు కలిగిన క్షణంలో వాచ్ చూడలేదు. ఇంట్లో కూర్చుని, గుండె నెమ్మదిగా ఉన్నప్పుడు చూసింది. ఆక్సిజన్ అంకె సంగతి కూడా చెప్పాలి. 2020లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం ఆసుపత్రుల్లో వాడే ఆక్సీమీటర్లు సైతం నల్లజాతి రోగులలో ఆక్సిజన్ పడిపోవడాన్ని శ్వేతజాతీయులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా గుర్తించలేకపోయాయి. చర్మం రంగు ఆ వెలుగుకు అడ్డం రావడమే ఇందుకు కారణంగా భావిస్తున్నారు. వేలికి పెట్టే వైద్య పరికరానికే ఆ పరిమితి ఉన్నప్పుడు మణికట్టు మీది అంకె మీద భారం వేయడం తగదు. పైగా మయోకార్డైటిస్‌లో ఆక్సిజన్ మామూలుగానే ఉండవచ్చు.

మిమ్మల్ని భయపెట్టాలని ఇదంతా రాయడం లేదు. కోవిడ్ సోకిన 3018 మంది అమెరికన్ కళాశాల క్రీడాకారులను పరిశీలిస్తే గుండెకు సోకినట్టు తేలినవారు, అనుమానం ఉన్నవారు అంతా కలిపి 21 మంది, అంటే 0.7 శాతమే. అలా సోకినా ఆట అక్కడితో ముగిసిపోదు. ఫుట్‌బాల్ ఆటగాడు అల్ఫోన్సో డేవిస్‌కు 2022 జనవరిలో కోవిడ్ తర్వాత స్వల్ప మయోకార్డైటిస్ ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. ఆయన ఆట ఆపేసి, ఏప్రిల్‌లో మళ్ళీ మైదానంలో దిగారు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు కఠిన శ్రమకు దూరంగా ఉండమంటారు. ఆ విరామం తర్వాత, డాక్టర్ అనుమతితో తిరిగి సైకిలెక్కే రోజున మీ పరికరం నిజంగా అక్కరకొస్తుంది. అప్పుడు నాకు మళ్ళీ రాయండి.

ప్రశ్న: హాకీ ఆడతాను. న్యుమోనియా నుంచి కోలుకున్నాను. ప్రతి నెలా కొన్ని రోజులు ఉంగరం నా చర్మ ఉష్ణోగ్రత, గుండె వేగం పెరిగాయని చూపించి విశ్రాంతి తీసుకోమంటోంది. జబ్బు తిరగబెడుతోందా?

జవాబు: తేదీలను మీ నెలసరి తేదీల పక్కన పెట్టి చూడండి. అండం విడుదలైన నాటి నుంచి నెలసరి వచ్చేదాకా ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ప్రభావంతో ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరగడం, గుండె వేగం రెండు మూడు స్పందనలు పెరగడం సహజం. కొన్ని పరికరాలు దీన్ని జబ్బుగా పొరబడతాయి. నెలసరి మొదలవగానే అంకెలు దిగిపోతుంటే కంగారు అక్కర్లేదు. ఈ నెల ఈ రోజును గత నెల అదే రోజుతో పోల్చుకోండి. దగ్గు, చలి, శ్వాస వేగం పెరగడం కూడా తోడైతే మాత్రం డాక్టర్‌కు చూపించుకోండి.

ప్రశ్న: నేను ట్రయథ్లాన్ క్రీడాకారుణ్ణి. వైరల్ జబ్బు తర్వాత మూడు నెలలైంది. సాధన చేసిన రోజు అంతా బాగుంటుంది, గుండె వేగం కూడా హద్దులోనే. రెండో రోజుకు మంచం మీంచి లేవలేను, తల మొద్దుబారుతుంది. నాలుగు రోజులకు తేరుకుని మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే. నేను బద్ధకిస్తున్నానని కోచ్ అంటున్నారు.

జవాబు: ఇది బద్ధకం కాదు. శ్రమ చేసిన ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి మూడో రోజుకు, చేసిన పనికి ఏమాత్రం పొంతన లేనంత నీరసం ముంచుకురావడాన్ని శ్రమానంతర క్షీణత అంటారు. వైరల్ జబ్బుల తర్వాత కొందరిలో ఇది నెలల తరబడి ఉంటుంది. కోవిడ్ తర్వాత దీర్ఘకాలం బాధపడేవారిలో దీన్ని చాలా ఎక్కువగా చూస్తున్నాం. ఇలాంటివారిని రోజూ కొంచెం కొంచెం పెంచుతూ పోవాలన్న మెట్ల పద్ధతిలోకి తోస్తే మేలు కన్నా కీడు ఎక్కువ జరుగుతుంది. దీర్ఘకాలిక అలసట రుగ్మతకు క్రమంగా పెంచే వ్యాయామ చికిత్సను సూచించడం బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2021లో మానుకుంది. పైన ఫుట్‌బాల్ కోచ్‌కు రాసిన జవాబు మీకు వర్తించదు. దయచేసి దాన్ని అనుసరించవద్దు.

మీ పరికరాన్ని వేరే విధంగా వాడుకోవాలి. సాధన నాటి అంకె మీకు ఏమీ చెప్పదు, తర్వాతి మూడు రోజుల అంకెలు చెబుతాయి. గడచిన ఆరు వారాల చరిత్ర తెరిచి, కూలబడిన ప్రతి రోజుకూ ముందు మూడు రోజుల్లో ఏం చేశారో చూడండి. సాధన ఒక్కటే కాదు, మెట్లెక్కడం, ఎక్కువసేపు నిలబడటం, ప్రయాణం, రాత్రి మేలుకోవడం అన్నీ లెక్కే. ఏ పరిమితి దాటినప్పుడు కూలుతున్నారో ఒకటి రెండు ఉదాహరణల్లోనే తేలిపోతుంది. ఇకనుంచి ఆ పరిమితికి చాలా ఇవతల ఉండండి. గుండె వేగం ఆ హద్దు చేరకముందే వాచ్ కంపించేలా పెట్టుకుని, కంపించగానే కూర్చోండి.

ఒక ఉదయం ఈ పరీక్ష కూడా చేసి డాక్టర్‌కు చూపించండి. పది నిమిషాలు వెల్లకిలా పడుకుని గుండె వేగం రాసుకోవాలి. తర్వాత లేచి, దేనికీ ఆనుకోకుండా పది నిమిషాలు నిలబడి, నిమిషానికోసారి రాసుకోవాలి. కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోవాలి కాబట్టి పక్కన ఒకరిని ఉంచుకోండి. వేగం 30 స్పందనలకు పైగా పెరిగి అక్కడే నిలిస్తే లేచి నిలబడటాన్ని శరీరం తట్టుకోలేని స్థితి ఒకటి ఉండవచ్చు. దానికి చికిత్స ఉంది. ఆ ఇరవై నిమిషాల కాగితాన్ని మీ కోచ్‌కు కూడా చూపించండి. మీ మాట నమ్మని మనిషి అంకెను నమ్మవచ్చు. పరికరాల వల్ల నాకు కనిపించిన మేళ్ళలో ఇదొకటి. పైకి కనిపించని బాధకు అవి సాక్ష్యం పలుకుతాయి.

ప్రశ్న: జబ్బు తర్వాత నా వాచ్ వివరాలన్నీ రోజూ పంపాలని క్లబ్ అడుగుతోంది. జట్టులో చోటు పోతుందేమోనని పంపుతున్నాను. పొద్దున లేవగానే స్కోరు చూసుకోనిదే ఉండలేకపోతున్నాను. తక్కువొస్తే ఆ రోజంతా నీరసంగా ఉంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ రెండు సమస్యలకూ మూలం ఒకటే. మీరు కోలుకోవడానికి పనికిరావలసిన అంకె మీకు పరీక్షగా మారింది.

క్లబ్ విషయంలో మీకు అడిగే హక్కు ఉంది. ఏ వివరాలు, ఎవరు చూస్తారు, ఎంతకాలం దాస్తారు, జట్టు ఎంపికలో వాడతారా అన్న నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఎ. 2017 నాటి ఒప్పందంలో ఇలాంటి పరికరాలు పెట్టుకోవడం ఆటగాడి ఇష్టమని, వాటి వివరాలను కాంట్రాక్టు బేరాలలో వాడకూడదని స్పష్టంగా రాసుకున్నారు. 2020లో ఆటగాళ్ళందరినీ ఒకేచోట ఉంచి ఆడించినప్పుడు ఆరోగ్యాన్ని గమనించే ఉంగరాలు ఇచ్చారు, వాటినీ పెట్టుకుని తీరాలనలేదు. ఆటగాడికి భయం ఉన్నచోట వివరాలు నిజం చెప్పవు. పడకలో వాచ్ తీసేసేవాళ్ళు, స్కోరు కోసం సాధన రోజున కావాలని నెమ్మదించేవాళ్ళు నాకు తెలుసు. కోలుకునే కాలంలో జట్టు డాక్టర్‌కో ఫిజియోకో మాత్రమే వివరాలు చేరి, కోచ్‌కు ఈ రోజు ఎంత సాధన చేయవచ్చునన్న ఒక్క ముక్క మాత్రమే అందే ఏర్పాటు అడగండి. వైద్యుడిగా నేను ఏ క్లబ్‌కైనా ఇదే సలహా ఇస్తాను.

ఇక స్కోరు గురించి. నిద్ర అంకెల మీద ఆరాటమే నిద్రను చెడగొట్టడాన్ని వైద్యులు 2017లో ఆర్థోసోమ్నియా అన్న పేరుతో వర్ణించారు కాబట్టి ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. పొద్దున వచ్చే సూచనలను వాచ్‌లో ఆపేయండి. పడక పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, లేవగానే ఫోన్ ముట్టకుండా నాలుగు మాటలు రాయండి: నిద్ర ఎలా పట్టింది, కాళ్ళు బరువుగా ఉన్నాయా, ఆకలి ఉందా, ఈ రోజు పరుగెత్తాలని ఉందా. వాచ్‌ను ఆదివారం సాయంత్రం ఒక్కసారి తెరిచి, వారం సగటును ఆ పుస్తకంలో ఆ వారం పేజీ కింద రాసుకోండి. నెల గడిచాక ఆ పుస్తకాన్నీ, ఆ నాలుగు సగటులనూ మీ డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్ళండి. పుస్తకం ఒకటి చెప్పి సగటు మరొకటి చెప్పిన వారాలను ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఉంచండి, మాట్లాడవలసింది వాటి గురించే.